దారికడ్డం కుర్చీ

ఆమెను పుట్టింట్లో వసపిట్ట అని పిలిచేవారు. అత్తవారింటికి వచ్చాక ఆ పేరు వదిలిపోతుందనుకుంది గాని, వచ్చిన వారం తిరక్కుండానే తోడికోడలు కూడా అదే పేరు పెట్టింది. రెండిళ్లవాళ్లూ కూడబలుక్కుని పెట్టింది కాదు. పేరు అంత అతికినట్టు సరిపోయిందన్నమాట. నిద్ర లేచింది మొదలు పడుకునేదాకా ఆమె నోటికి పళ్లు తోముకునే కాసేపే సెలవు. నోటికే కాదు, కాళ్లకూ చేతులకూ కూడా అంతే. ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని వీధివాళ్ల బట్టలు బాగుచేసేది. జిప్పులు మార్చడం, అంచులు మడిచి కుట్టడం, చంకల్లో విడిపోయిన కుట్లు వేయడం, మనిషి లావైతే నడుము దగ్గర వదులు చేయడం. ఇదంతా కూర్చుని చేసే పనే అయినా ఆమె కూర్చోగా ఎవరూ చూడలేదు. ఒక అంచు కుట్టి పొయ్యి దగ్గరికి, ఒక గుండీ వేసి వీధి గుమ్మంలోకి, మళ్లీ మిషను దగ్గరికి. కాలుగాలిన పిల్లిలా తిరుగుతూనే వచ్చిన బట్టలన్నీ ముగించేది. ఒక్క గుండీ కూడా వంకర పోయేది కాదు.

అలాంటి మనిషికి దొరికిన మొగుడు చూడండి, బెల్లం కొట్టిన రాయి. మిల్లులో మరమగ్గాలు నడిపి రిటైరైన నేతగాడు. మంచివాడే. తాగడు, తిట్టడు, పెట్టింది తింటాడు. మాట్లాడడు, అంతే. పొయ్యి దగ్గర నిలబడి ఆమె ఏదో అడుగుతుంది. వెనకనుంచి ఉలుకూ పలుకూ ఉండదు. కాసేపు చూసి, ఆయన చెప్పాల్సిన జవాబు తనే చెప్పుకుని, ఆ జవాబు మీద తనే కోప్పడి, ఇంకో విషయంలోకి వెళ్లిపోతుంది. అలా ఇన్నేళ్ల కాపురంలో ఇద్దరి మాటలూ ఒక్కతే మాట్లాడింది. ఫోను మోగితే ఆయన ఎత్తడు. పెళ్లై వేరే ఊళ్లో ఉన్న కూతురు నాన్నకివ్వమని అడిగితే, చెవి దగ్గర పెట్టుకుని ఊఁ ఊఁ అని, తిరిగి ఆమె చేతిలో పెట్టేస్తాడు. నాన్నకు నేనంటే లెక్కలేదని కూతురు వాపోతే, నీకే కాదే, నాకూ అదే మర్యాద అని తల్లి ఓదార్చేది.

ఆ ఇంట్లో పాత తగాదాలు రెండే రెండు. ఒకటి కుర్చీ. వంటగది ఇరుకు. పొయ్యికీ ఎదుటి గోడకీ మధ్య మనిషి నడిచేంత దారి ఉంటే, ఆయన తన కర్ర కుర్చీని సరిగ్గా ఆ దారిలోనే, పొయ్యికి కాస్త వెనగ్గా, పక్కవాటుగా వేసుకుని కూర్చుంటాడు. వస్తూ ఒకసారి పోతూ ఒకసారి ఆమె తుంటికి దాని మూల తగలాల్సిందే. ఆమె కుర్చీని గోడవారకు లాగుతుంది. ఆయన ఒక్క మాట అనకుండా మళ్లీ దారిలోకి జరుపుకుంటాడు. అక్కడ కూర్చుని ఆమె ముఖంలోకి పేగులు లెక్కపెట్టేవాడిలా చూస్తుంటాడు. ఆ చూపుకి ఆమెకు ఒళ్లు మండేది. మాట్లాడే మనిషివి కావు, ఆ చూపెందుకయ్యా అనేది.

రెండోది తెర. పొయ్యికి పైన వెనక సందులోకి ఒక కిటికీ ఉంది. అందరిళ్లలో ఉన్నట్టు దానికో తెర కుట్టి వేద్దామని ఆమె ముచ్చటపడింది. ఎన్నడూ దేనికీ అడ్డుచెప్పని మనిషి ఆ ఒక్క విషయంలో మొండికేశాడు. ఆమె కుట్టిన తెర తీసి మడతపెట్టి మళ్లీ ఆమె చేతికే ఇచ్చాడు. అంతేనా, సెలవు వచ్చినప్పుడల్లా పాత కాగితం తడిపి ఆ కిటికీ అద్దాన్ని తళతళలాడేలా తుడిచేవాడు. ఇంట్లో ఇంకో పని ముట్టుకునే రకం కాదు గనక, ఆ అద్దం మీద ఈయనకు అంత ప్రేమ ఏమిటో ఆమెకు అంతుపట్టేది కాదు. సాయంత్రం దీపం వేశాక మాత్రం ఆయనకు కాస్త నోరు పెగిలేది. ఆమె పొయ్యి వైపు తిరిగి ఏదైనా అంటే అవుననో కాదనో ఒక ముక్క వచ్చేది. పొద్దుగూకితే గాని మా ఆయనకు ప్రాణం లేచిరాదని ఆమె తోడికోడలితో నవ్వుతూ చెప్పేది.

నవ్వుతూ చెప్పేది గాని, లోపల ఒక ముల్లు ఉండేది. చాలా ఏళ్ల కిందట, తల్లికి బాగా లేదని కబురొచ్చిన పొద్దున, ఆమె పొయ్యి ముందు నిలబడి, కళ్లనీళ్లు ఆయనకు కనబడకుండా అటు తిరిగే, మీరు కూడా నాతో రండి అని అడిగింది. నాకు భయంగా ఉంది అని కూడా అంది. ఆయన లేచి, తాగిన గ్లాసు కడిగి బోర్లించి, మిల్లుకు వెళ్లిపోయాడు. ఆమె ఒక్కతే వెళ్లింది. ఆమె ఇంకా దారిలో ఉండగానే తల్లి పోయింది. తర్వాత ఆయన వచ్చి అన్నీ దగ్గరుండి చూసుకున్నా, ఆ గ్లాసు బోర్లించిన చప్పుడు మాత్రం ఆమె చెవిలో అలాగే ఉండిపోయింది. దేనిగురించైనా గంటలు గంటలు మాట్లాడగల మనిషి ఆ సంగతి ఎవరితోనూ ఎత్తలేదు.

ఇలాంటి కాపురంలో ఈ మధ్య కొత్త వింత మొదలైంది. గురువారం మధ్యాహ్నం కాగానే ఆయన నున్నగా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని బయటికి పోతున్నాడు. ఎక్కడికండీ అంటే ఊరికే అంటాడు. పొద్దువాలే వేళకు తిరిగొస్తే ముఖం వెలిగిపోతూ ఉంటుంది. బయట ఎవరింట్లోనో కడుపునిండా కబుర్లు చెప్పుకుని వచ్చినవాడి ముఖం అది. ఆ ముఖం ఆమెకు బాగా తెలుసు. రోజూ తన అద్దంలో చూసుకునేదే.

చొక్కా ఉతకబోయినప్పుడు భుజాల మీద దూది నలకలు కనిపించాయి. ఒక వారం కాదు, ప్రతి వారమూ. మిల్లు మానేసి ఏళ్లు గడిచిన మనిషికి దూది ఎక్కడిది? ఆమె ఆ చొక్కా పట్టుకుని పక్క వాటాలో ఉండే తోడికోడలి దగ్గరికి వెళ్లింది. తోడికోడలు నలకను వేళ్లతో నలిపి, వెలుగులో పెట్టి చూసి, తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

"దూది ఎక్కడుంటుందే పిచ్చిదానా? పరుపులో ఉంటుంది. పాత పరుపు అయితే ఇలాగే రాలుతుంది."

ఇక చూసుకోండి. ఆ రోజునుంచి ఆమెకు ముళ్ల మీద కూర్చున్నట్టే ఉంది. ఈ వయసులోనా అని ఒకసారి నవ్వుకుంటుంది, ఈ వయసులోనే అని మరుక్షణం ఉలిక్కిపడుతుంది. పనిలో మనసు నిలవలేదు. ఎవరిదో ప్యాంటుకు జిప్పు తలకిందులుగా వేసింది, అది ఆమె చేతిలో ఎప్పుడూ జరగని పని. పరుపుల సంగతి కూడా పక్కన పెడదాం. ఆమెను కోసేసింది ఆ వెలిగిన ముఖం. ఈయన ఎక్కడో మాట్లాడుతున్నాడు. తనతో ఆడని మాటలు మూటగట్టుకుపోయి ఇంకెవరి ముందో విప్పుతున్నాడు. అది నిజమో కాదో తేలేదాకా ఆమెకు అన్నం సయించేలా లేదు.

తర్వాతి గురువారం ఆయన వీధి మలుపు తిరగగానే ఆమె చెప్పులు వేసుకుంది. మిషను మీద సగం కుట్టిన అంచు అలాగే ఉండిపోయింది. తాళాల దుకాణం, గడియారాలు బాగుచేసే కొట్టు, బస్సులు ఆగేచోటు దాటి, ఆయన పాత బజారు వీధిలోకి తిరిగాడు. వెనక్కి ఒక్కసారైనా చూడలేదు. ఆమె చెప్పులు టకటకలాడుతున్నా, ఒకసారి సైకిలువాడికి అడ్డంపడి, అతని చేత గట్టిగా నాలుగు మాటలు పడినా, ముందు నడిచే మనిషి తల కూడా తిప్పలేదు. ఎంత మైకంలో ఉన్నాడో చూడు అని ఆమె పళ్లు నూరుకుంది.

ఆ వీధి చివర మూడంతస్తుల ఇల్లు ఒకటుంది. సన్నగా, పొడుగ్గా, రెండు పక్కల ఇళ్ల మధ్య ఇరికించినట్టు ఉంటుంది. ఒకప్పుడు మిల్లు యజమానిది. ఇప్పుడు దాన్ని ఊరి చరిత్ర చూపించే మ్యూజియం చేశారు. ఆయన వాకిట్లో కూర్చున్న గేటుమనిషికి చెయ్యి ఊపి, పక్క సందులోంచి సొంత ఇంట్లోకి పోయినట్టు పోయాడు. ఆమె కూడా అటే పోబోతే గేటుమనిషి ఆపాడు. సందు పనివాళ్లకేనట. చూడ్డానికి వచ్చినవాళ్లు టికెట్టు తీసుకుని, ముందు గుమ్మంలోంచి, గుంపుతో కలిసే తిరగాలట. ఇప్పుడే ఒక గుంపు బయల్దేరుతోంది, వెళ్లండమ్మా అన్నాడు.

గుంపును తిప్పేది రిటైరైన ఒక టీచరమ్మ. చేతిలో సన్నటి కర్ర. గదిలోకి వెళ్లి అందరూ చేరేదాకా ఆగి, ఆ కర్రతో ఒక్కో వస్తువూ చూపించి, చెప్పింది విన్నారో లేదో అని మధ్యలో ప్రశ్నలు వేసేది. మొదటిది భోజనాల గది. గుమ్మానికి అడ్డంగా తాడు. బల్లమీద మైనపు పళ్లు, కంచాలు, మడతపెట్టిన గుడ్డలు. ఆ గుడ్డల అంచు ఎవరు కుట్టారో గాని దారం రంగు కలవలేదని ఆమె కళ్లకు వెంటనే తగిలింది. ఇంకో రోజైతే అదే పట్టుకుని గదంతా ఏకం చేసేది. ఇప్పుడు నోరు రాలేదు. మెడ చాచి వెనక కిటికీలోంచి సందు కనబడుతుందేమోనని చూస్తోంది.

"ఏమ్మా, ఈ ఇల్లు ఎవరు కట్టించారన్నాను?" అని టీచరమ్మ సరిగ్గా ఆమెనే అడిగింది.

ఆమె నీళ్లు నమిలింది. పక్కనున్న ఒకాయన అందించాడు. టీచరమ్మ ఆయన్ని మెచ్చుకుని, ఈమెను జాలిగా చూసి, పై అంతస్తుకు దారితీసింది. పై అంతస్తులో పడకగది ఉందనగానే ఆమెకు తోడికోడలి మాట గుర్తొచ్చింది. పిచ్చి ఆలోచనే, అయినా మెట్ల మీద అందర్నీ తోసుకుని ముందుకు వెళ్లి తాడు మీదుగా తొంగిచూసింది. పెద్ద మంచం, దానిమీద పరుపు. కొత్త పరుపు. ఒక్క నలక రాలేలా లేదు. మంచం తలవైపు గోడకు ఒక పట్టుతాడు వేలాడుతోంది. యజమాని దాన్ని లాగితే కింద వంటగదిలో గంట మోగుతుందని, ఏ గదిలో లాగితే ఆ గది పేరున్న గంట ఊగుతుందని టీచరమ్మ చెప్పింది. ఇంకేం, నోరు తెరవనక్కర్లేదు, ఆ యజమాని కూడా మా ఆయన లాంటివాడే అయ్యుంటాడని ఆమె అనుకుంది. అనుకున్నది పైకే వచ్చేసింది. గుంపు నవ్వింది. ఆమెకు మాత్రం ఏడుపొచ్చినంత పనైంది.

అంతలో కాళ్ల కింద నేల వణికింది. ముందు సన్నగా, తర్వాత గట్టిగా. అద్దాల బీరువాలో గాజు గిన్నెలు ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి. ఎక్కడో ఇంటి వెనక దబదబమని ఎడతెగని మోత. టీచరమ్మ కర్ర ఎత్తి, గురువారాలు మాత్రమే మగ్గం నడుపుతారు, ఇవాళ మీ అదృష్టం, చివర్లో చూద్దురుగాని అంది. చివర్లో అన్నమాట ఆమె చెవిన పడనేలేదు. మగ్గం. దూది. భుజాల మీది నలకలు. ఆమె గుంపును అక్కడే వదిలేసి మెట్లు దిగింది. వెనకనుంచి టీచరమ్మ పిలుస్తూనే ఉంది.

వంటగది, గంటల వరస, చిన్న పెరడు దాటితే రేకుల షెడ్డు. తలుపుకు పైసగం అద్దం. ఆ అద్దానికి ముఖం ఆనించి చూసింది. మధ్యలో మరమగ్గం, పోగు మోసుకుంటూ అటూ ఇటూ పరిగెడుతున్న నాడె. చప్పుడికి అద్దం కూడా అదురుతోంది. దూది నలకలు వెలుగులో ఎగురుతున్నాయి. మగ్గానికి అవతల తన మొగుడు. ఇవతల, ఇటు వీపు పెట్టి, జుట్టు ముడి మీద గుడ్డ కట్టుకున్న ఒక ఆడమనిషి.

ఆయన మాట్లాడుతున్నాడు.

మాట్లాడటమంటే అలా ఇలా కాదు. నోరు ఆగడం లేదు. చేతులు ఆగడం లేదు. కనుబొమలు ఎగరేస్తున్నాడు, బుగ్గలు ఉబ్బిస్తున్నాడు, ఎవరినో అనుకరిస్తూ మీసం మెలేస్తున్నాడు. ఆ ఆడమనిషి భుజాలు కదిలేలా నవ్వుతోంది. ఆయన కూడా తల వెనక్కి వేసి నవ్వాడు. పెళ్లైన నాటినుంచీ ఆమె ఆ పళ్లన్నీ ఒక్కసారి చూసిన పాపాన పోలేదు. పరుపు భయం అప్పుడే పోయింది. అంతకంటే పెద్దది ఏదో గుండెలో రాయిలా పడింది. ఈ మనిషికి మాట ఉంది. బోలెడంత ఉంది. అయితే అది నాకు కాదు.

తలుపు తోసి లోపలికి వెళ్లి నిలబెట్టి కడిగేయాల్సిందే. అలా కడిగేయడం ఆమెకు వెన్నతో పెట్టిన విద్య. కాని చెయ్యి లేవలేదు. మగ్గం ఆగింది. ఆయన ఆ ఆడమనిషికి నమస్కారం పెట్టి, అటు తలుపులోంచి సందులోకి వెళ్లిపోయాడు. అప్పుడు ఆ ఆడమనిషి ఇటు తిరిగింది. ఈయనకంటే ఎంతో పెద్దావిడ. తల ముగ్గుబుట్ట, దానికి తోడు దూది. ముందు పళ్లు లేవు.

వసపిట్ట లోపలికి వెళ్లింది. తనెవరో చెప్పలేదు. మగ్గాన్ని చూస్తున్నట్టు దాని చుట్టూ నడుస్తూ, ఇప్పుడు వెళ్లినాయన ఎవరని అడిగింది. జవాబు లేదు. అచ్చం ఇంట్లోలాగే. ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఏం, ఈ షెడ్డులో ఉన్నవాళ్లంతా ఇంతేనా, మనిషి అడిగితే జవాబు చెప్పరా అని గిర్రున ఆవిడ వైపు తిరిగింది.

పెద్దావిడ ఆమె నోటివంకే చూస్తోంది. ఆ చూపు ఆమెకు తెలిసిన చూపే.

"నా ఎదురుగా నిలబడి మాట్లాడమ్మా. అటు తిరిగితే నాకు అందదు. మగ్గాలు నా చెవులు ఎప్పుడో తినేశాయి," అంది ఆవిడ. తర్వాత దగ్గరికి వచ్చి, ఆమె పెదాలు ఇంకోసారి చూసి, చిన్నగా నవ్వింది. "నువ్వు తమ్ముడి భార్యవి కదూ? తెలిసిపోయిందిలే. నీ నోరు వాడు అచ్చు గుద్దినట్టు చేసి చూపిస్తాడు."

ఆమె నోరెళ్లబెట్టింది. పెద్దావిడ ఆమెను బల్లమీద కూర్చోబెట్టి చెప్పుకొచ్చింది. మిల్లు షెడ్డులో వందల మగ్గాలు ఒక్కసారి మోగుతుంటే పక్కనున్నవాడి కేక కూడా వినబడదట. అందుకని నేతవాళ్లు పెదాలు చూసి మాట్లాడుకోవడం నేర్చుకుంటారు. సూపర్‌వైజరు వస్తున్నాడంటే మీసం మెలేయడం, నూలు తెగిందంటే రెండు వేళ్లు విడదీయడం. ఆవిడదీ, ఆవిడ తమ్ముడని పిలిచే ఈయనదీ పక్కపక్క మగ్గాలు. వాడికి ఆ విద్య నేర్పింది ఆవిడే. షెడ్డు మొత్తంలో వాడంత వాగుడుకాయ లేడని ఆవిడ అంటుంటే వసపిట్ట ఏం వింటోందో తనకే తెలియనట్టు కూర్చుంది.

"ఇప్పుడు చూడ్డానికి వచ్చేవాళ్లు ఆ మోతకి చెవులు మూసుకుని పోతారు. మేమిద్దరం మాత్రం హాయిగా కబుర్లాడుకుంటాం. ఆ చప్పుడులో మాకే బాగా వినబడుతుంది మరి."

"మీ ఇద్దరూ అంటే?" అంది ఆమె. "ఆయనకు చెవులున్నాయి కదా?"

ఈసారి నోరెళ్లబెట్టడం పెద్దావిడ వంతైంది. వాడు ఇంకా నీకు చెప్పలేదా అంది. చప్పుడు తెలుస్తుందట, మాట తెలియదట. పెళ్లైన కొత్తల్లోనే మొదలైందట. చెవి పోయిందని తెలిస్తే మిల్లువాళ్లు మగ్గం మీదినుంచి తీసి ఊడ్చే పనిలో వేస్తారని దాచాడు. దాచడం అలవాటైంది. మిల్లు వదిలాక, ఇప్పుడైనా ఇంట్లో చెప్పరా అని ఆవిడే అందట. అందుకు వాడేమన్నాడో చెప్పడానికి ఆవిడ గొంతు వాడుకోలేదు. లేచి నిలబడి, మగ్గం నడుస్తున్నప్పుడు ఆయన ఎలా అన్నాడో అలాగే, చప్పుడు లేకుండా పెదాలతో, చేతులతో అని చూపించింది. తర్వాత, నీకు అర్థం కాదు కదూ అని పైకి చెప్పింది.

"చెబితే తగ్గించి మాట్లాడుతుంది అక్కా అన్నాడు. ఒక్కో మాటా విడదీసి, చంటిపిల్లలకు చెప్పినట్టు చెబుతుంది. ఆ గలగల పోతుంది. నాకు సగమే అందుతుంది, ఆ సగం నాకు చాలు అన్నాడు."

ఆమె ఎలా బయటపడిందో ఆమెకు గుర్తులేదు. గేటు దగ్గర టీచరమ్మ ఏదో అనడం, తాను తల ఊపడం లీలగా తెలుసు. వీధిలో నడుస్తోంది గాని నిలకడ లేదు. నాలుగడుగులు పరుగులాంటి నడక, మళ్లీ ఆగిపోవడం. సగం అందేది ఎప్పుడు? ముఖం కనబడినప్పుడు. అందుకా కుర్చీ. తుంటికి తగిలిన ప్రతిసారీ తిట్టిన కుర్చీ. గోడవారకు లాగిన ప్రతిసారీ ఆయనకు తన మాట అందకుండా చేసింది తనే. మరి పొయ్యి వైపు తిరిగి చెప్పినవన్నీ ఏమయ్యాయి? అటు తిరిగే కదా చెప్పుకుంది ముఖ్యమైనవన్నీ. ఏడుపొచ్చేవన్నీ. ఆ రోజు పొద్దున అడిగింది కూడా.

గడియారాల కొట్టు ముందు ఆమె నిలబడిపోయింది. ఆయన వినిపించుకోకుండా పోలేదు. ఆయనకు వినబడలేదు. ఇన్నేళ్లు మనసులో పెట్టుకున్న కోపం ఒక్కసారి చేతిలోంచి జారిపోతే, ఏం పట్టుకోవాలో తెలియలేదు ఆమెకు. కొట్లోంచి మనిషి బయటికొచ్చి ఏం కావాలమ్మా అంటే, ఏమీ వద్దు బాబూ అని కదిలింది.

ఇంటికి చేరేసరికి ఆయన అప్పటికే వచ్చి, చీకటి పడుతోందని దీపం వేసుకుని కూర్చున్నాడు. కుర్చీ దారిలోనే ఉంది. భుజం మీద దూది నలక అలాగే ఉంది. ఎక్కడికెళ్లావు అన్నట్టు చూశాడు. ఆమెకు చెప్పేయాలనీ ఉంది, చెప్పకూడదనీ ఉంది. చెబితే ఇన్నేళ్లు ఆయన కాపాడుకున్నది పోతుంది. చెప్పకపోతే తన గుండె పగిలిపోతుంది. నెమ్మదిగా మాట్లాడితే పట్టేస్తాడు. ఎప్పటిలాగే వాగాలి. వాగడం కష్టమయ్యే రోజు తనకు వస్తుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

కావాలనే కుర్చీ మూలకు తుంటి తగిలించుకుంది. "ఈ కుర్చీ నా ప్రాణానికి వచ్చిందండీ. ఏదో ఒక రోజు దీన్నే పొయ్యిలో పెడతాను, చూస్తుండండి," అని ఎప్పటి జోరుతోనే అంది. ఆయన పెదవి చివర చిన్న నవ్వు కనబడింది. బాగానే చేశాననుకుని, టీ గిన్నె పొయ్యిమీద పెట్టి అటు తిరిగింది.

అటు తిరిగేసరికి ఇక ఆగలేదు. వెనకనున్న మనిషికి వినబడదు. ఇన్నాళ్లూ తెలియక మాట్లాడింది, ఇప్పుడు తెలిసి మాట్లాడుతోంది, అంతే తేడా. పాలు పోస్తూ, గొంతు తగ్గించి, గిన్నెతో చెప్పుకున్నట్టు చెప్పుకుంది.

"ఇవాళ మీ వెనకాలే వచ్చాను. మీ అక్క అంతా చెప్పింది. ఆ రోజు మా అమ్మ దగ్గరికి మీరూ రండని అడిగాను. భయంగా ఉందని కూడా అన్నాను. మీరు గ్లాసు కడిగి వెళ్లిపోయారు. అప్పటినుంచీ మీ మీద కోపం పెట్టుకునే ఉన్నాను. నాదే తప్పు, ఇటు తిరిగి అడిగాను. మీరేం భయపడకండి, నేను తగ్గించను. చచ్చేదాకా ఇలాగే వాగుతాను."

కళ్లు తుడుచుకుందామని తల ఎత్తింది. బయట పూర్తిగా చీకటి పడింది. పొయ్యికి పైనున్న కిటికీ అద్దంలో దీపం వెలుగుకు తన ముఖం స్పష్టంగా కనబడుతోంది. తన ముఖం వెనక కుర్చీ. కుర్చీలో ఆయన. ఆయన కళ్లు ఆ అద్దం మీద, అందులోని తన పెదాల మీద ఉన్నాయి. తెర కట్టనివ్వని అద్దం. ఆయన తన చేతులతో తుడుచుకున్న అద్దం. పొద్దుగూకితే గాని ఆయనకు నోరు పెగలకపోవడం ఎందుకో ఆమెకు అప్పుడు తెలిసింది.

"పిలిచావని తెలిస్తే వచ్చేవాణ్ణి," అన్నాడు ఆయన.

ఆమె అద్దంలోకి చూస్తూ ఉండిపోయింది. పాలు గిన్నె అంచుదాకా వచ్చాయి. నోట మాట రాలేదు. ఆయన కాసేపు చూశాడు, ఇంకాసేపు చూశాడు. కుర్చీలో అటూ ఇటూ కదిలాడు. తర్వాత, ఏదో తప్పు జరిగిపోయినవాడిలా, అద్దంలో ఆమెకేసి ముందుకు వంగాడు.

"ఆపావేం?" అన్నాడు.